తొలి క్రైస్తవులు రెండవ రాకడ, అంటే క్రీస్తు మళ్ళీ తిరిగి రావడం, తమ జీవితకాలంలోనే జరుగుతుందనుకున్నారా? ఆ నమ్మకం వాళ్ళను ఎలా మార్చింది?

అనుకున్నారు. కనీసం తొలి తరం బోధకుడు పౌలు, ఆయన స్థాపించిన సంఘాలు అనుకున్నాయి. క్రీ.శ. 50 ప్రాంతంలో థెస్సలొనీక పట్టణంలోని సంఘానికి పౌలు రాసిన మొదటి ఉత్తరం (బైబిల్లో 1 థెస్సలొనీకయులకు పత్రిక) 4వ అధ్యాయం చూడండి. ప్రభువు వచ్చేదాకా "సజీవులమై నిలిచియుండు మనము" అంటూ పౌలు తనను కూడా అందులో కలుపుకున్నాడు.

కానీ అక్కడి విశ్వాసుల దిగులు తేదీ గురించి కాదు. రాకడకు ముందే తమవాళ్ళు కొందరు చనిపోయారు, మరి వాళ్ళ సంగతేంటి? ముందు లేచేది వాళ్ళే, ఆ తర్వాత అందరం కలిసి ప్రభువు దగ్గరే ఉంటాం అని పౌలు జవాబిచ్చాడు.

చిన్నప్పుడు ఉజ్జీవ కూటాల్లో ఈ వచనాలు వింటే నాకు భయమే. రాకడప్పుడు పైకి ప్రభువు దగ్గరికి ఎత్తబడేదెవరు, ఇక్కడే విడువబడేదెవరు అన్నదే ప్రసంగమంతా. మా నాయనమ్మ భూస్థాపనలో పాస్టరుగారు ఇదే భాగం చదివారు. పెట్టె మీద మన్ను వేస్తున్న మేనత్త చెయ్యి ఆగిపోయింది. "అయితే అమ్మను మళ్ళీ చూస్తాం కదయ్యగారూ?" అని అడిగింది. థెస్సలొనీకలోనూ ఎవరో ఒకరు ఇలాగే అడిగి ఉంటారని నా నమ్మకం. ఆ భాగం "ఒకనినొకడు ఆదరించుకొనుడి" అనే ముగుస్తుంది. దాన్ని బెదిరింపుగా వాడటం నాకు ఇప్పటికీ బాధే.

ఇక రెండో ప్రశ్న, ఆ నమ్మకం వాళ్ళను ఎలా మార్చిందన్నది. "మన పౌరస్థితి పరలోకమునందున్నది" అని పౌలు రాసింది ఫిలిప్పీవాళ్ళకు. ఆ ఊరికి ఈ మాట బాగా తగులుతుంది. క్రీ.పూ. 42 నాటి యుద్ధం తర్వాత మాజీ సైనికులకు భూములిచ్చి రోమా వలసగా మార్చిన పట్టణం అది. ఉండేది మాసిదోనియలో, బతుకు రోమా పద్ధతిలో. అలాంటి చోట పరలోక పౌరులంటే, ఇక్కడే ఉంటూ అక్కడి రాజు మాట ప్రకారం నడుచుకునేవాళ్ళు అనే అర్థం చేసుకుని ఉంటారు. లోకాన్ని వదిలేసి కూర్చోమని కాదు.

క్రీ.శ. సుమారు 112లో బితూనియ (నేటి టర్కీలోని రోమా ప్రాంతం) అధిపతి ప్లినీ, రోమా చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరంలో ఈ నడవడి కనిపిస్తుంది. అప్పటికి పౌలు తరం వెళ్ళిపోయింది, రాకడ రాలేదు. అయినా అక్కడి క్రైస్తవులు నియమిత దినాన తెల్లవారకముందే చేరి క్రీస్తుకు కీర్తన పాడేవారట. దొంగతనం, వ్యభిచారం చేయబోమనీ, ఇచ్చిన మాట తప్పబోమనీ, ఎవరైనా నమ్మి దాచుకున్న సొమ్ము తిరిగి అడిగితే లేదనబోమనీ ప్రమాణం చేసేవారట.