బెంజి ఇంజిన్‌కు బంగారం తాకట్టా?

ప్రశ్న: సార్, నాకు 34 ఏళ్లు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల స్పేర్ పార్టుల దుకాణం ఉంది. మిల్లులకు ఎక్కువగా ఉద్దెర మీదే ఇస్తుంటాను. ఏడాది మీద సగటున నెలకు 90 వేలు మిగులుతాయి. ఇంటి ఖర్చు, హోమ్ లోన్ ఈఎంఐ కలిపి 52 వేలు. మ్యూచువల్ ఫండ్ సిప్ 5 వేలు. 2 లక్షల చిట్టికి నెలకు 10 వేలు కడుతున్నా, 20 నెలల్లో 8 అయిపోయాయి. ఎఫ్‌డీ 3 లక్షలు ఉంది. భార్య దగ్గర 14 తులాల బంగారం ఉంది. నేను, భార్య, బాబు కలిపి 5 లక్షల హెల్త్ పాలసీ ఉంది. అమ్మకు షుగర్, బీపీ, ఆమె పేరు అందులో లేదు. టర్మ్ పాలసీ (నాకేమైనా అయితే ఇంటికి డబ్బు వచ్చే జీవిత బీమా) తీసుకోలేదు.

రెండేళ్ల కింద 2009 మోడల్ బెంజి సీ200 కంప్రెసర్ 6.5 లక్షలకు కొన్నాను. పాత ఓనరు పవర్ కోసం సూపర్‌చార్జర్‌కు (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) చిన్న పుల్లీ వేయించి, రీమ్యాప్ చేయించాడు, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించాడు. మొన్న హైదరాబాద్ నుంచి వస్తుంటే చిట్యాల దాటాక ఇంజిన్ పోయింది, పిస్టన్ పగిలిందన్నారు. మామూలువాటికన్నా గట్టివైన ఫోర్జ్‌డ్ పిస్టన్లు, రాడ్లు వేసి ఇంతకన్నా పవర్ తట్టుకునే ఇంజిన్ కడతామని ఒక గ్యారేజీ వాళ్లు 5.8 లక్షలు చెప్పారు. సగం అడ్వాన్స్ ఇవ్వాలి. ఎఫ్‌డీ తీసేసి, 1.5 లక్షలు గోల్డ్ లోన్, మిగతాది తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నా. దీనికన్నా పర్సనల్ లోన్ నయమా? చిట్టి ఇప్పుడే పాడుకోమంటారా? రోజూ తిరగడానికి బైక్ ఉంది.

జవాబు: ఏ అప్పు నయమని అడిగారు. ఈ పనికి ఏ అప్పూ వద్దు. మీ ఉత్తరానికి ఇంత వివరంగా రాయడానికి కారణం కారు కాదు, ఎఫ్‌డీ. ఖర్చు ఎదురుకాగానే 'ఎలాగూ ఎఫ్‌డీ ఖాళీగా పడి ఉంది కదా' అనుకునేవాళ్లు చాలామంది. ఇంటి ముందు ఎలివేషన్‌కు, పెళ్లి భోజనాలకు, ఇదిగో ఇప్పుడు ఇంజిన్‌కు. ఆ డబ్బుకు ఆల్రెడీ ఒక పని ఉందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

మీ లెక్కే చూద్దాం. ఇల్లు నడవడానికి నెలకు 52 వేలు అంటే ఆరు నెలలకు 3.12 లక్షలు. మీ ఎఫ్‌డీ ఆ ఆరు నెలలకే చాలదు. పైగా జీతగాళ్లకు ఆరు నెలలు సరిపోతాయేమో కానీ మీకు సరిపోవు. సగటు 90 వేలన్నారు, మీ వ్యాపారంలో సగటు నెల అంటూ ఉండదు కదా. వానాకాలం వడ్లు, యాసంగి వడ్లు మిల్లులకు చేరే ముందు రబ్బర్ రోల్స్, బెల్టులు, బేరింగులు పోతాయి, మిగతా నెలల్లో దుకాణం నెమ్మదిగా నడుస్తుంది. పోయిన సరుకుకూ డబ్బు వెంటనే రాదు, మిల్లుకు బిల్లులు వచ్చాకే మీకు వస్తుంది. ఒక్క సీజన్ ఉద్దెర ఆగితే రెండు మూడు నెలలు మీ చేతిలో రూపాయి ఆడదు. అందుకే మీకు తొమ్మిది నెలల ఖర్చు, అంటే 4.68 లక్షలు, ముట్టుకోకుండా ఉండాలి. ఇప్పటికే 1.68 లక్షలు తక్కువున్నారు. అలాంటిది ఉన్నదీ ఊడ్చి గ్యారేజీకి అడ్వాన్స్ ఇస్తానంటున్నారు!

అమ్మగారి విషయం ఇంకా ముఖ్యం. ఆమెకు విడిగా పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. వ్యక్తిగత హెల్త్, టర్మ్ పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. షుగర్, బీపీ ఉన్నాయని ప్రపోజల్ ఫారంలో దాచకుండా రాయండి. కానీ ముందునుంచి ఉన్న జబ్బులకు కంపెనీలు మూడేళ్ల వరకు వెయిటింగ్ పెట్టొచ్చు. అంటే పాలసీ తీసుకున్నా, ఆ మూడేళ్లలో షుగర్ వల్ల ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే బిల్లు కట్టేది మీ ఎఫ్‌డీనే. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు, మీ ఇంటికి అర్హత ఉందేమో కనుక్కోండి. ఉంటే మంచిదే, లేకపోతే ముందు ఎఫ్‌డీనే కదపాలి. ఇంటికి సంపాదించేది మీరొక్కరే, హోమ్ లోన్ నడుస్తోంది, అయినా టర్మ్ పాలసీ లేదు. ఇంజిన్ గురించి అంత ఆరా తీసినవారు దీని గురించి ఒక్క రోజైనా ఆరా తీయాల్సింది. కోటి రూపాయలకు తగ్గకుండా తీసుకోండి.

ఇక రెండు రూపాయల వడ్డీ. మన దగ్గర దీన్ని చాలా తేలిగ్గా అంటాం. నూటికి నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. 1.3 లక్షలకు నెలనెలా 2,600 వడ్డీకే పోతాయి, అసలు రూపాయి కూడా తగ్గదు. ఆ కారు మీకు పైసా సంపాదించి పెట్టదు. రైతు రెండు రూపాయలకు తెచ్చి పెట్టుబడి పెడితే కనీసం పంట మీద ఆశ ఉంటుంది. మీకు ఆ ఆశ కూడా లేదు. గోల్డ్ లోన్ వడ్డీ తక్కువే, నిజం. అయితే ఆస్పత్రి ఖర్చు మీద పడ్డ రోజు గంటలో డబ్బు తెచ్చిపెట్టేది ఆ బంగారమే, దాన్ని ఇంజిన్ కోసం ఇప్పుడే తాకట్టులో పెడితే ఆ రోజు ఎవరి దగ్గరికి వెళ్తారు? పర్సనల్ లోన్ ఊసే వద్దు.

ఇప్పుడు ఇంజిన్. నేను మెకానిక్‌ని కాను, కానీ 5.8 లక్షలన్నది అంచనా మాత్రమే, అసలు ఖర్చు కాదు. ముందు ఇంజిన్ ఎందుకు పోయిందో గ్యారేజీ రాసి ఇవ్వాలి. చిన్న పుల్లీ వేస్తే సూపర్‌చార్జర్ ఇంకా వేగంగా తిరుగుతుంది, గాలి ఎక్కువ వెళ్తుంది, ఎక్కువ వేడెక్కి కూడా వెళ్తుంది. ఆ గాలికి సరిపడా పెట్రోల్ అందకపోయినా, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి తేకపోయినా ఇంజిన్ నాక్ అవుతుంది, అంటే లోపల పెట్రోల్ అదుపు తప్పి పేలుతుంది, పిస్టన్లు పగులుతాయి. కారణం అదే అయితే, ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంపు, ఇంటర్‌కూలర్ సంగతి చూడకుండా ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేసినా రోగం అలాగే ఉంటుంది. పైగా పిస్టన్ పగిలినప్పుడు లోహపు పొడి ఆయిల్‌తోపాటు ఆయిల్ కూలర్‌లోకి వెళ్తుంది. దాన్ని మార్చకుండా కొత్త ఇంజిన్ బిగిస్తే కొత్త బేరింగులు కూడా పోతాయి. మీ కారులోని ఈ ఎం271 రకం ఇంజిన్‌లో టైమింగ్ చైన్ సాగడం, క్యామ్ స్ప్రాకెట్ల పళ్లు అరగడం కొత్త సంగతేం కాదు. ఇవన్నీ కొటేషన్‌లో ఉన్నాయా? రేడియేటర్, వాటర్ పంపు, హోసులు, డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద ట్యూనింగ్, రన్నింగ్-ఇన్ (కొత్త ఇంజిన్‌ను మొదట్లో నెమ్మదిగా నడపడం) తర్వాత మొదటి ఆయిల్ మార్పు? ఇలాంటి పనికి చెప్పిన దానిపై 25 శాతం కలుపుకోవాలి. అప్పుడు 7.25 లక్షలు. ఆ పైన 1.45 లక్షలు మళ్లీ రెండు రూపాయలకేనా? మధ్యలో డబ్బు ఆగితే ఇంజిన్ విప్పిన ముక్కలుగా గ్యారేజీ బల్ల మీద ఉంటుంది, వడ్డీ మాత్రం ఆగదు.

కారు విలువ పెరుగుతుందని కూడా అనుకోకండి. కొన్నదే 6.5 లక్షలకు. 15 ఏళ్లు 2024లోనే నిండాయి కాబట్టి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఐదేళ్లకోసారి చేయించుకోవాల్సిందే. కొనేవాడు ఫోర్జ్‌డ్ పిస్టన్లకు పైసా ఎక్కువ ఇవ్వడు.

నన్నడిగితే పవర్ పెంచే ఆలోచన మానేసి, కంపెనీ ఇచ్చిన 184 హార్స్‌పవర్‌కే ఆగండి. కంపెనీ పుల్లీ, కంపెనీ మ్యాప్‌తో సెకండ్ హ్యాండ్ స్టాక్ (మార్పులేమీ చేయని) ఇంజిన్ వేయించుకుంటే, దాని ధర మీద అనుబంధ పనులన్నీ కలిపి 3 లక్షలు పరిమితిగా పెట్టుకోండి. అంతకు మించితే కారును ఉన్నది ఉన్నట్టు అమ్మేయండి. ఆ సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొనేముందు కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి సరిగా ఉందో చూసే పరీక్ష) కళ్లారా చూడండి. ఇంజిన్ ఏ బండిదో కాగితాలు, ఇన్‌వాయిస్ లేకుండా తీసుకోవద్దు. కొత్త ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఎక్కాలి, ఇన్సూరెన్స్ కంపెనీకీ తెలియాలి. లేకపోతే రేపు క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు. ఇంజిన్ అరుగుదల, బ్రేక్‌డౌన్ మామూలు మోటార్ పాలసీలో రావు.

డబ్బు ఇలా సర్దుకోండి. ఖర్చులు, సిప్, చిట్టి పోను మీకు నెలకు 23 వేలు మిగలాలి. అందులో 15 వేలు ఎమర్జెన్సీ ఫండ్‌కు, 8 వేలు రెండు పాలసీల ప్రీమియాలకు పక్కన పెట్టండి. 1.68 లక్షల లోటు ఏడాదిలో తీరుతుంది. చిట్టి ఇప్పుడు పాడితే పాటలో చాలా పోతుంది, ఆగండి. చివరిదాకా ఉంటే ఫోర్‌మన్ (చిట్టి నడిపేవాడి) కమిషన్ 7 శాతం పోయినా 1.86 లక్షలు చేతికొస్తాయి. అప్పటికి ఫండ్ నిండుతుంది కాబట్టి ఆ చిట్టి డబ్బుకు తోడు ఈ 15 వేలు, చిట్టికి కట్టే 10 వేలు కలిపి ఐదు నెలలు దాస్తే ఇంజిన్‌కు కావాల్సిన 3 లక్షలు దాటుతుంది. మొత్తం 17 నెలలు. సిప్ ఆపకండి.

ఈ లోపు గ్యారేజీలో పార్కింగ్ చార్జీ వేస్తున్నారేమో అడిగి, వేస్తుంటే బండిని టోయింగ్ చేయించి ఇంటికి తెచ్చుకోండి. విప్పిన ప్రతి పార్టునూ ఫోటో తీసి, లిస్టు మీద వాళ్ల సంతకం తీసుకున్నాకే కదిలించండి.