పాట ఎత్తుగడ ఎక్కడికి పోయింది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి ఆపి వీటినే తీసుకున్నాను. నాకూ చాలాకాలంగా మనసులో ఉన్న సంగతే ఇది.

ప్రశ్న: నాకు యాభై రెండేళ్లు. తొంభైల మొదట్లో ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్లో ఉండగా మా రూమ్మేటు మద్రాసు నుంచి ఇంగ్లీషు పాప్ క్యాసెట్లు తెచ్చేవాడు. ఎక్కువగా ఎనభైల పాటలు. మాటలు సగం అర్థం కాకపోయినా పిచ్చిగా విన్నాం. ఇప్పుడు మా అమ్మాయి ఫోన్లో ప్రపంచ టాప్ 50 లిస్టు పెట్టి కారులో వినిపిస్తుంది. అలిపిరి నుంచి రేణిగుంట చేరేలోపు పది పాటలు అయిపోతాయి, ఒక్కటీ గుర్తుండదు, అన్నీ ఒకేలా ఉంటాయి. పాప్ సంగీతం నిజంగానే దిగజారిందా, నాకు వయసైపోయిందా? మొహమాటం లేకుండా చెప్పండి.
– ఒక పాఠకుడు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: మొహమాటం లేకుండానే చెప్తాను సార్. మీకు వయసైంది, పాటా మారింది, రెండూ నిజమే. కానీ 'దిగజారింది' అన్న మాట దగ్గర మాత్రం నేను మీతో రాలేను.

ముందు వయసు సంగతి. 1989లో అమెరికాలో హోల్‌బ్రుక్, షిండ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు రకరకాల వయసులవాళ్లకి వేర్వేరు కాలాల హిట్ పాటలు వినిపించి ఏది ఎంత నచ్చిందో మార్కులు వేయమన్నారు. జనానికి ఎక్కువగా నచ్చినవి తమకి సుమారు ఇరవైమూడు, ఇరవైనాలుగేళ్లు ఉన్నప్పుడు హిట్టయిన పాటలే. మీ హాస్టల్ రోజులు దానికి కాస్త అటూ ఇటూగానే కదా. ఆ క్యాసెట్లతో పాటు ఆ రూమూ, ఆ స్నేహితుడూ, మెస్సులో ఆ టీ కూడా మీ చెవిలో ఉండిపోయాయి. వాటితో పోటీపడమని మీ అమ్మాయి లిస్టులోని పాటని అడిగితే అదేం చేస్తుంది పాపం.

రెండోది, పాతకాలం పాటలు మన దగ్గరికి చెరిగి, రాళ్లు ఏరిన బియ్యంలా వస్తాయి. పొట్టు ఎప్పుడో ఎగిరిపోయింది, మనం చూడలేదు, అందుకే అప్పుడు పొట్టే లేదనుకుంటాం. 1969 అనగానే పాప్ అభిమానులు వుడ్‌స్టాక్ సంగీతోత్సవం గురించి చెబుతూ కళ్లు పెద్దవి చేస్తారు. ఆ ఏడాది మొత్తానికి, అమెరికాలో హిట్ పాటలకి ర్యాంకులు వేసే బిల్‌బోర్డ్ పత్రిక లెక్కలో మొదటి స్థానం వచ్చిన పాట మాత్రం 'షుగర్ షుగర్'. పాడింది ఆర్చీస్, అంటే పిల్లల కార్టూన్ సీరియల్లోని బొమ్మల బ్యాండు. ఆ పాటని నేనేం తప్పుపట్టడం లేదు, చక్కటి పాటే. కానీ ఆ రోజుల్లో చార్టు నిండా మహానుభావులే ఉండేవారని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 1952లో కేంద్రంలో సమాచార, ప్రసారశాఖ చూసిన కేస్కర్ గారికి సినిమా పాటలంటే గిట్టేది కాదు, సంగీతాన్ని పాడు చేస్తున్నాయని ఆయన గట్టి నమ్మకం. ఆకాశవాణిలో వాటికి చోటు తగ్గించేశారు, జనం ఊరుకుంటారా, రేడియో సిలోన్‌కి ముల్లు తిప్పుకున్నారు. ఆ డిసెంబర్లోనే అక్కడ అమీన్ సయానీ గొంతుతో బినాకా గీత్‌మాలా అనే హిందీ పాటల కార్యక్రమం మొదలైంది, మన దేశంలో ఏ పాట ఎన్నో స్థానమో చెప్పే లెక్కింపుకి ఇంటింటా అలవాటు పడేలా చేసింది అదే. చివరికి 1957లో ఆకాశవాణే వివిధ భారతి పెట్టి పోయిన శ్రోతల్ని వెనక్కి పిలుచుకోవాల్సి వచ్చింది. ఒక్కసారి ఆలోచించండి, ఆయన చెడిపోయాయన్న ఆ యాభైల పాటల్నే ఇవాళ మనం పాత మధురాలని పేరుపెట్టి, ఇప్పటివాళ్లని తిట్టడానికి వాడుతున్నాం.

మరి 'అన్నీ ఒకేలా ఉన్నాయి' అన్న మీ మాట? దాని మీదా లెక్కలున్నాయి. 1960 నుంచి 2010 దాకా బిల్‌బోర్డ్ హాట్ 100 చార్టులో వచ్చిన సుమారు 17,000 పాటల్ని లండన్ పరిశోధకులు కంప్యూటర్‌తో పోల్చి 2015లో ఫలితం ప్రచురించారు. ఏటికేడాది ఒకేలా అయిపోతూ వచ్చాయన్నదానికి వాళ్లకి ఆధారం దొరకలేదు. వైవిధ్యం బాగా తగ్గిన కాలం ఒకటి దొరికింది, అది 1986 చుట్టుపక్కల, డ్రమ్ మిషన్లూ సింథసైజర్లూ అన్ని పాటల్లోకీ దూరిన రోజులు. మీ రూమ్మేటు తెచ్చిన క్యాసెట్లలో చాలావరకు ఆ కాలానివే సార్! ఆ తర్వాత 1991 ప్రాంతంలో రాప్ వచ్చి మళ్లీ అంతా కలగాపులగం చేసింది.

ఇక మీ ఫిర్యాదులో నిజమున్న సంగతికి వస్తాను, ఇక్కడ నేను పూర్తిగా మీ పక్షమే.

పాట ఎత్తుగడ పోయింది. వాద్యాలు మెల్లగా మొదలై, మనం కుర్చీ సర్దుకుని కూర్చున్నాక గొంతు వచ్చేది చూడండి, అది పోయింది. 1986 నుంచి 2015 దాకా అమెరికా టాప్ 10 పాటల్ని కొలిచిన ఒక పరిశోధనలో, గొంతు రాకముందు వాద్యాల భాగం సగటున ఇరవై సెకన్లకి పైన ఉండేది ఐదు సెకన్లకి పడిపోయింది. మొన్న మా ఇంట్లో కూడా చూశాను. మా అబ్బాయి లిస్టులో మొదటి పది పాటలు పెట్టించి గోడ గడియారం ముందు కూర్చుంటే, ఆరింటిలో సెకన్ల ముల్లు రెండు అంకెలు దాటకముందే, అంటే పది సెకన్లలోపే, మనిషి పాడేస్తున్నాడు. ఒకదాంట్లో అయితే నేను గడియారం వైపు తల తిప్పేలోపే పల్లవి మొదలైపోయింది.

కారణం ఏమిటంటే, పాటని కొలిచే పడి మారింది. పాటలు వినే యాప్ స్పాటిఫైలో ఒక పాట కనీసం 30 సెకన్లు వింటేనే ఒక వినికిడి కింద లెక్క, అప్పుడే దానికి డబ్బులు. వేలితో నెడితే తర్వాతి పాట వస్తున్నప్పుడు, ఆ అర నిమిషం మనల్ని కూర్చోబెట్టడం పాట కట్టేవాడికి ప్రాణసంకటం. పాట రెండు నిమిషాలున్నా ఒక లెక్కే, ఆరు నిమిషాలున్నా ఒక లెక్కే. 2019లో అమెరికా చార్టులో 19 వారాలు మొదటి స్థానంలో కూర్చున్న 'ఓల్డ్ టౌన్ రోడ్' పాట మొదటి రూపం నిడివి రెండు నిమిషాలు కూడా లేదు.

ఇదేదో ఇప్పుడే పుట్టిన పాపమని మాత్రం అనను. పాత గ్రామఫోన్ ప్లేటు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది, పాటని దానికి సరిపడా కుదించేవాళ్లు. మనం కూడా కత్తిరించాం. తిలక్ రోడ్డు దగ్గర సందులో చిన్న క్యాసెట్ల షాపుండేది. లాంగ్ నోట్‌బుక్ కాగితం మీద పాటలు రాసిస్తే, షాపాయన బాల్‌పెన్నుతో ఒక్కోదాని పక్కన నిమిషాలు వేసి కూడి, "సిక్స్టీలో పట్టవు, నైంటీ తీసుకో" అనేవాడు. నైంటీకి డబ్బుల్లేక సిక్స్టీలోనే పట్టించుకునేవాణ్ని. ఎ సైడు చివరి పాట రెండో చరణం మధ్యలో టక్కుమని ఆగిపోయేది. ఆ పాట ఇవాళ ఎక్కడ విన్నా ఆ మాట దగ్గర నా చెయ్యి క్యాసెట్ తిప్పడానికి లేస్తుంది.

తేడా ఎక్కడుందంటే, అప్పుడు కుదించినా వాద్యాలకి చోటు మిగిల్చారు. తిరుచానూరులో ఒక కల్యాణ మండపంలో తలంబ్రాలయ్యాక మేళం వాళ్ల పక్కన కూర్చుని నాదస్వరం ఆయన్ని అడిగాను, కొత్త పాటలు ఎందుకు తక్కువ వాయిస్తారని. "మాట తీసేస్తే కొన్నిట్లో ఏమీ మిగలదు సార్, నాదస్వరం ఏం పట్టుకుంటుంది?" అన్నాడు. వెంటనే మళ్లీ ఆయనే, "అట్లని అన్నీ కాదు" అని ఈమధ్య సినిమా పాట ఒకటి ఎత్తుకుంటే, డోలు ఆయన కాళ్లు ముడుచుకుని కూర్చున్నవాడల్లా సర్దుకుని దరువు అందుకున్నాడు, బంతిలో తింటున్నవాళ్లు కూడా తలలు తిప్పారు. ఆ తర్వాత నాదస్వరం ఆయన నేను ప్రాణంగా చూసుకునే పాత పాటలు రెండు చెప్పి, అవీ వాద్యంలో పలకవని తేల్చేశాడు. నాకు కొంచెం బాధేసింది, కానీ వాయించి చూపించాడు, నిజమే.

కాబట్టి సార్, మీ అమ్మాయి లిస్టులో పై పది వినేసి సంగీతం మొత్తానికి తీర్పు చెప్పకండి. ఆ పది స్థానాలు ఇరుకైన చోటు. దాని కిందా పక్కనా ఉన్న సంగీతం మన హాస్టల్ రోజులకన్నా ఎన్నో రెట్లు పెరిగింది. 2017లో ఎక్కువభాగం స్పానిష్‌లో ఉన్న 'డెస్పసీతో' అమెరికాలో 16 వారాలు మొదటి స్థానంలో ఉంది, 2020 చివర్లో ఎక్కువభాగం కొరియన్‌లో పాడిన పాట నేరుగా మొదటి స్థానంలో దిగింది. ఇంగ్లీషు తప్ప ఇంకోటి ఎక్కడం గగనమైన ఆ చార్టులో ఇది చిన్న సంగతి కాదు. ఇంకో మాట, కారులో ఏసీ చప్పుడు, హారన్ల మధ్య వింటే అన్నీ ఒకేలా ఉంటాయి. 1955 నుంచి 2010 దాకా నాలుగున్నర లక్షలకు పైగా రికార్డింగుల్ని పరిశీలించిన స్పెయిన్ వాళ్ల అధ్యయనం పాటల శబ్దస్థాయి పెరుగుతూ వచ్చిందనీ, వాద్యధ్వనుల రకాలు తగ్గాయనీ తేల్చింది. ఎత్తుపల్లాలు లేని మోత మధ్య ఏది గుర్తుంటుంది? రాత్రి ఇంట్లో, ఆ అమ్మాయికే నచ్చిన ఒక్క పాట పెట్టమని అడిగి వినండి, లిస్టు వద్దు.

ప్రశ్న: నేను వినే పాటల్లో అన్నీ మిషన్ గొంతులే అంటాడు మా నాయన. ఆటోట్యూన్ వాడేవాళ్లకి పాడటం రాదంట. నాకు చాలా కోపం వస్తుంది, ఏం చెప్పాలో తెలీదు. నిజంగా అంతేనా?
– డిగ్రీ విద్యార్థిని, చిత్తూరు

జవాబు: కోపం వద్దమ్మా, మీ నాయన మాటలో సగం పాయింటుంది, మిగతా సగానికి నువ్వు జవాబు చెప్పొచ్చు.

ఆటోట్యూన్ 1997లో వచ్చిన సాఫ్ట్‌వేర్. తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూమిలోకి ధ్వని తరంగాలు పంపి చమురు ఎక్కడుందో కనిపెట్టే లెక్కలు చేసినవాడు. ఆ లెక్కల అనుభవంతోనే గొంతులో శ్రుతి తప్పిన చోటుని పట్టి సరిచేసే పద్ధతి కట్టాడు. 1998లో షేర్ అనే గాయని తన 'బిలీవ్' పాటలో దాన్ని దాచకుండా, కావాలనే వినపడేలా వాడింది. ఆమెకి పాడటం రాదా? 1965 నుంచే హిట్లున్న మనిషి. అక్కడ అది రంగు, ముఖానికి వేషం వేసుకున్నట్టు. గంగమ్మ జాతరలో వేషం కట్టినవాణ్ని చూసి 'వీడికి సొంత మొహం లేదు' అని ఎవరూ అనరు కదా.

కానీ రెండో వాడకం ఉంది, దాని మీద మీ నాయనతో నేనూ గొంతు కలుపుతాను. ప్రతి స్వరాన్నీ తుడిచి నున్నగా చేసేయడం. ఆ సాఫ్ట్‌వేర్‌లో సవరణ వేగం అని ఒకటుంటుంది. దాన్ని చివరిదాకా పెంచితే గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారకుండా మెట్టు మీద నుంచి మెట్టుకి దూకుతుంది. మన సంగీతమంతా ఆ జారుడులోనే ఉంది తల్లీ. తిరుమల నాదనీరాజనం వేదిక మీద ఎవరైనా అన్నమయ్య కీర్తన పాడుతుంటే టీవీలో చూడు, సాహిత్యం తెలియకపోయినా ఒక అక్షరం మీద గొంతు ఊగుతూ దిగే చోట ఒళ్లు జలదరిస్తుంది. ఆ గమకాన్ని సాఫ్ట్‌వేర్ శ్రుతి తప్పుగా లెక్కేసి సరిచేసేస్తే? కొన్ని తెలుగు పాటల్లో నేనిది స్పష్టంగా విన్నాను, మంచి గొంతులున్నవాళ్లవే, చాలా బాధ కలిగింది.

మీ నాయనకి రంగు కోసం వాడిన పాట ఒకటి, తుడిచేసిన పాట ఒకటి పక్కపక్కన వినిపించు. తేడా ఆయనకి నీకన్నా ముందే తెలుస్తుంది, పాత పాటలు విన్న చెవి కదా.

ప్రశ్న: మా బడి వార్షికోత్సవానికి పిల్లలు ట్రెండింగ్‌లో ఉన్న పాటే కావాలంటున్నారు. కోట్ల వ్యూస్ వచ్చాయంటే మంచి పాట అనుకోవచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు, శ్రీకాళహస్తి

జవాబు: అనుకోనక్కర్లేదు మేడమ్. ఈ అంకెలు ఎప్పుడూ ఏదో ఒకటి లెక్కపెడతాయి, అది మంచితనం మాత్రం కాదు. 1991కి ముందు అమెరికా చార్టు కోసం షాపులకీ రేడియో స్టేషన్లకీ ఫోన్ చేసి 'ఏది బాగా పోతోంది' అని అడిగేవాళ్లు, చెప్పేవాడు తన ఇష్టం కలిపి చెప్పేవాడు. ఆ ఏడాది అమ్మకాల్ని బార్‌కోడ్‌తో లెక్కపెట్టడం మొదలుపెట్టగానే రాప్, కంట్రీ సంగీతం పైకి లేచాయి, అంటే జనం అంతకుముందు కూడా కొంటున్నారు, లెక్కలో పడలేదు. 2013లో యూట్యూబ్ వ్యూస్ కూడా కలపడం మొదలుపెట్టారు. అలాగని పిల్లలు అడిగింది కొట్టిపారేయకండి. 2023లో ఆస్కార్ తెచ్చిన 'నాటు నాటు'ని అంతకు ఏడాది ముందే మా వీధి పిల్లలు బిస్కెట్ డబ్బా మీద వాయించేశారు, స్పీకరూ లేదు, ఫోనూ లేదు.

మీ పిల్లల చేత కూడా అలాగే చేయించండి. వాళ్లడిగిన మూడు పాటలు ఫోన్ లేకుండా, బెంచీ మీద దరువేస్తూ పాడమనండి. ఏ పాట చివరిదాకా నిలబడితే దాన్నే స్టేజీ ఎక్కించండి. తేదీ రాయలేదు మీరు. ఆదివారమైతే చెప్పండి, తిరుపతి నుంచి ఎంత దూరం, నేనూ వస్తాను.