సైలెన్సర్ పీకే ముందు ఒక్కసారి చదువు అల్లుడూ

అల్లుడూ, ఘాట్లో బండి లాగడంలేదని ఆ పాత పికప్‌కి సైలెన్సర్ పీకేసి మూడించుల పైపు వేపిస్తానంటున్నావంట, మీ అమ్మ నిన్న చెప్పింది. ఫోన్లో చెప్తే ఊఁ ఊఁ అని పెట్టేస్తావు, అందుకే రాస్తాండా, కూచోని నిదానంగా చదువు.

లాగకపోవడానికి సైలెన్సరే కారణమని నీకెవురు చెప్పినారు? నేనూ అట్లనే నమ్మినా. ఎర్రగుంట్ల నుంచి నాపబండలు ఎత్తుకోని రాయచోటికి పోతాంటే గువ్వలచెరువు ఘాట్లో నా బండి సెకండ్ గేర్‌కి దిగిపోయేది, వెనక ఒకటే నల్లపొగ. కడపలో ఒక షెడ్డులో చూపిస్తే ఆయన సైలెన్సర్ కోసేసి లావు పైపు వేసి, దాన్ని బాడీ కిందనే వెనక చక్రానికి ముందరే ఆపేసినాడు. సౌండ్ మాత్రం బస్సు మాదిరి వచ్చింది, లాగుడు రవ్వంత కూడా పెరగల్యా. మీ అత్తను ఎక్కించుకోని పోయిన రోజు పొగంతా కిందనుంచి క్యాబిన్లోకి కొట్టి, గువ్వలచెరువులో కోవా అంగళ్ల కాడ ఆపేసరికి తలనొప్పితో వాంతి చేసుకునింది. ఆ రోజు నాకు శానా భయమేసింది.

ఆఖరికి దొరికిన జబ్బు ఏందంటే టర్బో (ఇంజిన్లోకి గాలిని గట్టిగా తోసే ఫ్యాను) నుంచి ఇంజిన్‌కి గాలి పోయే రబ్బర్ హోస్‌కి అడుగున బొటనవేలంత చీలిక, ఐడిల్లో మూసుకోని ఉంటాది, లోడు మీద తొక్కినప్పుడే నోరు తెరుస్తాది, అందుకే పైనుంచి చూసినోళ్లకెవురికీ కనపడల్యా. గాలి బయటికి పోతే డీజిల్ సగం కాలి నల్లపొగ అవుతాది, లాగుడు చచ్చిపోతాది. హోస్ మార్చినాక అదే లోడు, అదే ఘాటు, థర్డ్‌లో ఎక్కింది.

అందుకని నువ్వు ముందు ఎయిర్ ఫిల్టర్, ఆ హోసులు చూడు, చేత్తో అడుగంతా తడిమి చూడు, నూనె జిడ్డు తగిలిన కాడ అనుమానించు. తర్వాత ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే కాడ ఉండే మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్, అక్కడ లీకుంటే పక్కన నల్లగా మసి గీత కనిపిస్తాది. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, మందం గుడ్డ మడతపెట్టి పైపు చివర ఒక్క క్షణం అదిమి పట్టమను, యాడ లీకుంటే ఆడ బుస్‌మంటాది. టర్బో తిరిగేదే ఆ పొగ తోపుడుతో కదా, దానికి ముందరే లీకైతే టర్బో చాలినంత తిరగదు. ఇంక సైలెన్సర్ని చల్లగా ఉన్నప్పుడు పిడికిలితో కొట్టు, లోపల గలగలమంటే రేకులు విరిగినట్లే, అవి అడ్డం పడి పొగను ఆపేస్తాయి. అట్లుంటే మార్చు, కానీ కొత్త సైలెన్సరే వేసుకో.

పైపు లావైతే టర్బో బండికి కొంచెం మంచిదే, అబద్ధం కాదు. కానీ డీజిల్ ఎంత పోవాలో పంపు చెప్తాది, పైపు కాదు, కాబట్టి వట్టి పైపుతో ఘాటు ఎక్కదు. నీ 2523 సీసీ ఇంజిన్‌కి రెండుంపావు ఇంచి పైపే చాలు.

చేపించేదే అయితే దగ్గరుండి చేపించు. నీళ్ల జీఐ పైపు వాడనీయద్దు, వెల్డింగ్ వేడికి దాని మీద జింకు కాలి ఆ పొగకు వెల్డర్‌కి జ్వరం వస్తాది. తుప్పు తక్కువ పట్టే 409 స్టీల్ దొరికితే మేలు. వంపుల కాడ పైపు నలిగి పోకూడదు, నలిగితే లావు పైపు వేసి ఏం లాభం. ఇంజిన్ ఊగుతాది గాబట్టి పైపు మధ్యలో ఊగుడుకి వంగే బెల్లోస్ తీసేయద్దు, తీస్తే ఆర్నెల్లకు జాయింట్ పగులుతాది, పైపును వేలాడదీసే హ్యాంగర్ రబ్బర్లు కూడా కొత్తవి వేయించు. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ నెగటివ్ వైరు పీకమను, బండి మీద టాక్ (అక్కడక్కడ చుక్క వెల్డింగ్) మాత్రమే పెట్టించి కిందికి దించి నిండుగా వేయించు, డీజిల్ ట్యాంకు పక్కన నిప్పు రవ్వలు పడనీయద్దు. డీజిల్ పైపుకి 35 మిల్లీమీటర్ల లోపల పొగ పైపు ఉండకూడదని రూలే ఉంది, నేనైతే నాలుగు వేళ్లు వదలమంటా, మధ్యలో రేకు కూడా. పొగ కిందికీ ఎడమపక్కకీ కొట్టకూడదు, బాడీ దాటి వెనక్కి రావాలి. నువ్వు శెనక్కాయ కట్టె తోలుతావు, చేన్లో ఎండు కట్టె మీదే నిలబెడతావు, కాలిన పైపు కింద అది అంటుకోవడానికి ఎంతసేపు?

సైలెన్సర్ లేకుండా తిరిగితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద పదివేల దాకా ఫైన్ వేయొచ్చు, మూడు నెల్ల దాకా జైలు కూడా ఉంది, లైసెన్స్ మూడు నెల్లు పోతాది. ఎల్లో బోర్డు బండి, ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) పోయిన రోజు మళ్లా పాత సైలెన్సర్ కోసం ఎవురి కాళ్లు పట్టుకుంటావు? కోసేసినా పాతది మాత్రం పారేయద్దు.

ఆదివారం పొద్దున్నే లోడు లేకుండా బండి తీసుకోని రా, మా ఇంటికాడ ఇంజిన్ చల్లంగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడాల, అందుకని శనివారం రాత్రే వచ్చి పండుకో. హోస్ క్లాంపులు ఇప్పేదానికి స్క్రూడ్రైవర్ నా దగ్గరే ఉంది, ఆ షెడ్డుకు మాత్రం అప్పటిదాకా అడ్వాన్స్ ఇయ్యద్దు.