రెహమాన్ ‘వందేమాతరం’ తనే ఎందుకు పాడాడు?

“అంతమంది గాయకులుండగా రెహమాన్ ఆ ఆల్బమ్‌లో తనే ఎందుకు పాడాడు, ఆ గొంతులో అంత ఏముంది?” అని ఒకరు అడిగారు. రెహమాన్ మనసులో మాట నాకేం తెలుసు? కానీ అందులో ఒక పాట పాడబోయి స్టేజీ మీద బోల్తా పడ్డవాణ్ణి కాబట్టి రెండో ప్రశ్నకి జవాబు చెప్పగలను.

మాది చెన్నై, వడపళని. తెలుగు కుర్రాళ్లం నలుగురైదుగురం కలిసి చిన్న ఆర్కెస్ట్రా నడిపేవాళ్లం. నేను కీబోర్డు. ‘రోజా’కి ముందు రెహమాన్ కూడా రమేష్ నాయుడు, రాజ్-కోటి లాంటి మన సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించినవాడే అని మాకు అదో గర్వం (మాకూ ఆయనకూ పోలిక అంతవరకే!).

ఆయన గొంతు 1997లో ఈ ఆల్బమ్ రాకముందే విన్నాం. 1995లో ‘బొంబాయి’ తమిళంలో హమ్మా హమ్మా పాటలో ఉన్నది ఆయనే. కానీ అది సినిమా పాట. స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లని దర్శకుడు భరత్ బాలాతో కలిసి సోనీ మ్యూజిక్ కంపెనీకి చేసిన ‘వందేమాతరం’ వేరే సంగతి. తెర మీద హీరో లేడు, కథ లేదు, మొత్తం గొంతు మీదే నిలబడాలి.

మరుసటి ఏడాది ఆగస్టు 15న మా అపార్ట్‌మెంట్ ఫంక్షన్‌లో ఆ ఆల్బమ్‌లోని ‘మా తుఝే సలామ్’ పాట పెట్టుకున్నాం. దానికి తమిళ రూపం కూడా ఉంది. కానీ తమిళంలో పాడితే మా ఉచ్చారణకి పక్కింటివాళ్లు నవ్వుతారు, హిందీ అయితే తప్పు పట్టేవాళ్లే లేరు! మెహబూబ్ రాసిన మాటల్ని తెలుగు లిపిలో రాసుకుని బట్టీ పట్టాం.

మా మెయిన్ సింగర్ పదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాడు. రిహార్సల్‌లో ఒక శ్రుతి దించి, చిన్న గమకం (స్వరాన్ని కాస్త ఊపడం) కూడా వేసి, చక్కగా పాడాడు. ఎక్కడా అపస్వరం లేదు. విన్నవాళ్లు “బాగుంది” అని కాఫీలకి వెళ్లిపోయారు. ఏదో తేడా కొట్టింది. ఆ పాట కింది స్థాయిలో మాట్లాడుతున్నట్టు నడిచి, ‘వందేమాతరం’ దగ్గర ఒక్కసారిగా పైకి లేస్తుంది. రెహమాన్ గొంతు అక్కడ అంచు దాకా వెళ్లినట్టు వినిపిస్తుంది, ఆ కష్టం మనకి తెలుస్తుంది. మావాడికి కష్టమే లేదు. అదే లోపం.

ఫంక్షన్‌లో అసలు శ్రుతిలోనే నేను పాడతానన్నాను. మూడోసారి ‘వందే’ దగ్గర గొంతు చీలి గాలి తప్ప ఏమీ రాలేదు. చెవులు వేడెక్కాయి. చేతులు మాత్రం కీబోర్డు మీద ఆగలేదు. ముందు వరసలో చాప మీద కూర్చున్న పిల్లలు ‘మాతరం’ అని అరిచి పూర్తి చేశారు. ఆ తరవాత చివరిదాకా వాళ్లే పాడారు, నేను వాయించాను.

రెహమాన్ సంగీతంతోనే 2000లో వచ్చిన ‘జనగణమన’లో బాలమురళీకృష్ణ గారు, పట్టమ్మాళ్ గారు, లతా మంగేష్కర్, భీమ్‌సేన్ జోషి లాంటి మహామహులు పాడారు. వింటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. మా ఆర్కెస్ట్రా మాత్రం దాని జోలికి పోలేదు.