మధ్యాహ్నం కునుకు వేరే సంగతి కాదు

ప్రశ్న: డాక్టరుగారూ, మాది తెనాలి. ముగ్గురం ఉంటే మూడు రకాల నిద్ర. మా అత్తగారికి 74 ఏళ్లు. రాత్రి ఎనిమిదింటికే పడుకుని మూడింటికి లేచి కూర్చుంటారు. అప్పట్నుంచీ వంటింట్లో గిన్నెల చప్పుడే. మధ్యాహ్నం ఓ గంటన్నర పడుకుంటారు, అది వేరే సంగతి. "కంటి మీద కునుకు లేదు, పక్కింటావిడ వేసుకునే నిద్రమాత్ర తెప్పించు" అని రోజూ పోరు. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఒంటిగంట దాకా లైటు ఆర్పడు. ఐదున్నరకి లేవాలంటే మొహాన నీళ్లు చల్లాల్సిందే. వాడిది బద్ధకమని ఆవిడ, ఆవిడది చాదస్తమని వాడు. నాకు 48. ఈ టెన్షన్‌తో ఫ్యాను కిందే చెమటలు పట్టి లేస్తున్నాను. ఆవిడకి మాత్ర తెప్పించమంటారా?
- ఒక కోడలు

జవాబు: వద్దమ్మా. మధ్యాహ్నం కునుకు వేరే సంగతి కాదు, అసలు సంగతే అది. రాత్రి ఏడు గంటలు, పగలు గంటన్నర. మొత్తం ఎనిమిదిన్నర. 65 దాటినవాళ్లకి ఏడెనిమిది గంటలు చాలు. ఆవిడకి నిద్ర కరువు లేదు, వేళ మారిందంతే. వయసు మీదపడేకొద్దీ సాయంత్రమే నిద్రమబ్బు కమ్ముతుంది, కోడి కూయకముందే మెలకువ వస్తుంది. పైగా గాఢనిద్ర తగ్గి చీటికీమాటికీ కళ్లు తెరుస్తారు కాబట్టి అసలు పడుకోనట్టే ఉంటుంది. మా అమ్మా అంతే. ఆవిడ గురకకి నేను మేలుకున్న రోజు కూడా "రాత్రంతా జాగారమేనే" అనేది.

పక్కింటావిడది ఆల్‌ప్రాజోలం లాంటిదైతే ఈ వయసులో దాని జోలికే పోకూడదు. ఆ మత్తులో బాత్రూముకి లేచి తూలిపడితే తుంటి ఎముక విరుగుతుంది. అలవాటు పడ్డాక మానేస్తే నిద్ర ఇంకా చెడుతుంది. అంతకన్నా సాయంత్రం ఎండపొడ ఉండగా కాసేపు అరుగు మీద కూర్చోబెట్టండి. పగటి నిద్ర అరగంట దాటనివ్వకండి. పడుకునే వేళ రోజుకో పావుగంట జరుపుతూ పదింటికి తీసుకురండి. బీపీకి ఒంట్లో నీరు తీసే మాత్ర రాత్రిపూట వేసుకుంటుంటే, పొద్దున్నే వేసుకోవచ్చేమో రాసిచ్చిన డాక్టర్ని అడగండి.

మీ ఇంట్లో నిజంగా నిద్రకి మొహం వాచినవాడు మీ అబ్బాయి. ఒంటిగంట నుంచి ఐదున్నర, అంటే నాలుగున్నర గంటలు! ఆ వయసుకి ఎనిమిది నుంచి పది కావాలి. నిద్రని పిలిచే మెలటోనిన్ అనే హార్మోను ఈడు పిల్లల్లో ఆలస్యంగా ఊరుతుంది. పదకొండు దాకా నిద్ర రాకపోవడంలో వాడి తప్పేం లేదు. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం హైస్కూళ్లు పొద్దున ఎనిమిదిన్నరకి ముందు మొదలుపెట్టొద్దని 2014లోనే చెప్పింది. మన దగ్గర ఆ వేళకి మన పిల్లలు ఒక స్టడీ అవర్ ముగించి ఆవలిస్తుంటారు. అలాగని వాణ్ణి పూర్తిగా వెనకేసుకురాను. పదకొండు దాకా మెలకువ ఒంటిది, ఆ తర్వాత రెండు గంటలు బహుశా ఫోనుది. పదిన్నరకి ఫోను హాల్లో పెట్టించండి. చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనేనని చెప్పండి. ఆదివారం ఓ గంట ఎక్కువ పడుకుంటే నీళ్ల చెంబు తీయొద్దని అత్తగారికీ చెప్పండి.

ఇక ఒక్క ముక్కలో తేల్చేసిన మీ సంగతి. 48 ఏళ్లకి ఫ్యాను కింద చెమటలు పట్టి మెలకువ వస్తోందంటే టెన్షన్ అని వదిలేయకండి. నెలసరి ఆగిపోయే ముందు చాలామందికి ఇలాగే అవుతుంది. నెలసరి తేదీలు అటూఇటూ అవుతున్నాయా? గైనకాలజిస్టుకి చూపించుకోండి, థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. దీనికి మంచి చికిత్స ఉంది. సాయంత్రం టీ మానేసి చూడండి. ఆవిడ ఎప్పుడు పడుకుంటారో, వాడు ఎప్పుడు లేస్తాడో గంటలతో సహా రాశారు. మీరు ఎన్నింటికి పడుకుంటారో, ఎన్నింటికి లేస్తారో రాయలేదు. వచ్చే ఉత్తరంలో అది రాయండి.