బావ ఆపరేషన్‌కి ముందు నీకో ఉత్తరం, పర్లాకిమిడి నుంచి

అల్లుడూ,

మీ నాన్నకి మూత్రసంచి మొత్తం తీసేయాలన్నారని నువ్వు చెప్పిన రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. ఆరేళ్ల కిందట, 68 ఏళ్ల వయసులో నాకు అయింది కూడా ఇదే ఆపరేషన్. ఫోన్‌లో పక్కన మీ అమ్మ ఉందని కొన్ని చెప్పలేకపోయాను.

"పొట్ట మీద మూత్రం బ్యాగు నా వల్ల కాదు, లోపలే ఏదో ఒకటి పెట్టమనండి" అంటున్నాడట బావ. నేనూ అదే అన్నాను. పేగు ముక్కతో లోపల కొత్త సంచి కుట్టి, పాత దారినే మూత్రం పోయేలా చేస్తారు, నియోబ్లాడర్ అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ సంచి నిండినట్టు మనకి మునుపటిలా తెలియదు, అందుకని మొదట్లో రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా అలారం పెట్టుకుని లేవాలి, కడుపు బిగబట్టి పోసుకోవాలి, రాత్రిళ్లు పక్క తడుస్తుంది, కొందరైతే గొట్టం తామే పెట్టుకుని ఖాళీ చేసుకోవాలి. బావకి చేతులు వణుకుతాయి, చొక్కా గుండీలే అక్క పెడుతుంది కదా! పైగా పేగు సంచిలో నిలిచిన మూత్రం నుంచి ఆమ్లం మళ్లీ రక్తంలోకి పోతుంది, ఆ భారమంతా కిడ్నీల మీదే. షుగరు వల్ల బావకి క్రియాటినిన్, అదే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, ఇప్పటికే ఎక్కువ. కాబట్టి నా మాట విను, పట్టుబట్టకండి.

పెద్ద వయసు వాళ్లకి ఎక్కువగా చేసేది ఇలియల్ కాండ్యూట్. చిన్నపేగులో 15, 20 సెంటీమీటర్ల ముక్క తీసి, కిడ్నీల నుంచి మూత్రం తెచ్చే నాళాలు దానికి కలిపి, ఆ ముక్క చివరని పొట్ట మీదకి కన్నంలా తెస్తారు, దాన్నే స్టోమా అంటారు. దాని మీద బ్యాగు. నాకున్నది ఇదే. పేగు జోలికి పోకుండా నాళాలనే పొట్ట మీదకి తెచ్చే పద్ధతీ ఉంది, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి అది తేలిక, అయితే చాలామందికి ఆ నాళాల్లో పెట్టే సన్న గొట్టాలు, స్టెంట్లు, కొన్ని నెలలకోసారి మార్పించాలి. గుణుపూర్ నుంచి ప్రతిసారీ విశాఖ వెళ్లగలరా, ముందే ఆలోచించుకో.

ఇక అసలు సంగతి. స్టోమా ఎక్కడ రావాలో ఆపరేషన్‌కి ముందే పెన్నుతో గుర్తు పెడతారు. నాకు మంచం మీద పడుకోబెట్టి పెట్టేశారు. ఇంటికొచ్చి కింద కూర్చుంటే సరిగ్గా పొట్ట మడతలో పడింది, బ్యాగుని చర్మానికి అంటించే ప్లేటు అంచు లేచిపోయేది. ఒకసారి పాతపట్నం బస్సులో పంచె మొత్తం తడిసింది, దిగి సంచి అడ్డం పెట్టుకుని నడిచాను, ఆ సిగ్గు ఇప్పటికీ మరిచిపోలేదు. బావని నిలబెట్టి, కూర్చోబెట్టి, వంగమని చూసి గుర్తు పెట్టమను. పంచె ముడి కింద పడకూడదు, ఆయన కంటికి కనపడాలి.

ప్లేటుకి కత్తిరించే కన్నం స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లే పెద్దగా ఉండాలి, లేకపోతే మూత్రం తగిలి చర్మం పుండవుతుంది. మొదటి నెలన్నర, రెండు నెలలు స్టోమా చిన్నదవుతూ ఉంటుంది, మార్చిన ప్రతిసారీ కొలవండి. పొద్దున్నే టీ తాగక ముందు మార్చడం సులువు, అప్పుడు ధార తక్కువ. మూత్రంలో తెల్లటి జిగురు కనిపిస్తే టెన్షన్ పడకండి, అది పేగు స్వభావం. జ్వరం, చలి వచ్చినా, బ్యాగులోకి మూత్రం రావడం ఆగినా మాత్రం ఆలస్యం చేయొద్దు.

చుట్ట ఈరోజే మానిపించు, మా అక్క చేత చెప్పించు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు బావ రోజూ కట్టే పంచె ఒకటి సంచిలో పెట్టుకెళ్లు. గుర్తు పెట్టే ముందు ఆయన చేత అది కట్టించు.

మీ మావయ్య