కెమెరా మార్చే ముందు ఆ పాడైన ఫోటోలు తెరిచి చూడు అమ్మలూ

అమ్మలూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివా. కెమెరా పాతదైపోయింది బాబాయ్, ఇంట్లో ఏది తీసినా షేక్ అయిపోతోంది, నీడల్లో గింజలు గింజలుగా వస్తోంది, ఫుల్ ఫ్రేమ్ బాడీ (వెలుతురు పట్టే సెన్సార్ పెద్దదిగా ఉన్న కెమెరా, లెన్స్ లేకుండా) ఒకటి కొనేద్దామనుకుంటున్నా, దాచుకున్న డబ్బు సరిగ్గా దానికి సరిపోతుంది, కొనమంటావా అని అడిగావు. ఆ "సరిగ్గా సరిపోతుంది" అన్న మాట దగ్గరే నాకు గుబులు పుట్టింది, దాని సంగతి కిందకి వచ్చాక చెప్తా. ముందు నువ్వు పంపిన ఫోటోల గురించి.

బాగా వచ్చినవి వద్దు, పాడైనవే పంపు అన్నా కదా, నలభై పంపావు. ఒక్కోటీ పెద్దది చేసి, పక్కన దాని సెటింగ్స్ పెట్టుకుని చూస్తూ కూర్చున్నా. కెమెరా మార్చాలా వద్దా అన్నది తేల్చేవి అవే తల్లీ. రివ్యూలు ఎన్ని చూసినా తేలదు, ఎందుకంటే రివ్యూ చేసినాయన నీ గదిలో నీ లైట్ కింద నిలబడి తియ్యలేదు కదా.

పాప మంచం మీంచి దూకుతున్న ఫోటో ఉంది చూడు, అది మళ్ళీ తెరువు. మొహం అలికేసినట్టు ఉంది, కానీ పక్కనే ఉన్న దిండు అంచు మీద కుట్టు కూడా స్పష్టంగా కనపడుతోంది. అంటే నీ చెయ్యి వణకలేదు, ఫోకస్ కూడా దాదాపు సరైన చోటే ఉంది, పాప కదిలింది, అంతే. సెటింగ్స్ చూస్తే షటర్ స్పీడ్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం) సెకనులో 30వ వంతు, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ అది పెద్దది) ఎఫ్ 5.6, ఐఎస్ఓ (ఫోటో వెలుగు పెంచే సెటింగ్) 3200, జూమ్ 55ఎంఎం దగ్గర. 30వ వంతు సెకనులో దూకే పిల్ల ఏ కెమెరాలోనూ ఆగదు. అదే ఫోటోలో దిండుతో సహా అన్నీ ఒకే వైపుకి సాగినట్టు ఉంటే అది చేతి వణుకు. మొహం మెత్తగా ఉండి వెనక కర్టెన్ పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది. మూడూ "బ్లర్" అనే పిలుస్తాం కానీ మూడింటికీ మందు వేరే వేరే, అందుకే కొత్త కెమెరా కొన్నాక కూడా చాలామందికి అదే బ్లర్ మళ్ళీ వస్తుంది.

నీ నలభైలో ఇరవై మూడు పాప కదలడం వల్ల పోయాయి, తొమ్మిది ఫోకస్ వెనక్కి పోయి పాడయ్యాయి, ఒక ఐదు పల్చటి పాల తెర కప్పినట్టున్నాయి, మిగతావి చీకటిగా తీసి తర్వాత కంప్యూటర్లో బలవంతంగా వెలుగు పెంచినవి. ఐఎస్ఓ పెంచితే నాయిస్ (అదే, ఆ గింజలు) వస్తుందని భయపడి తగ్గించి తీసి, తర్వాత నీడలు లాగడం వల్ల ఆ గింజలు ఇంకా ఎక్కువయ్యాయి. నాయిస్‌కి అసలు కారణం వెలుతురు చాలకపోవడం. సెన్సార్‌కి చేరే వెలుతురు తక్కువైతే ఏ సెటింగ్‌లో తీసినా అది బయటపడుతుంది, చీకటిగా తీసి లాగినదాంట్లో మరీ వికారంగా బయటపడుతుంది. కాబట్టి 6400కి వెళ్ళాల్సొస్తే వెళ్ళు, ధైర్యంగా వెళ్ళు. కదిలిపోయిన మొహాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు, గింజలున్న మొహాన్ని చాలావరకు బాగుచెయ్యొచ్చు.

ఇప్పుడు అసలు లెక్క. నీది ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సార్ (క్రాప్ సెన్సార్ అన్నా ఇదే), సుమారు 23.5 బై 15.6 మిల్లీమీటర్లు. ఫుల్ ఫ్రేమ్ 36 బై 24. విస్తీర్ణం రెండున్నర రెట్లకి కాస్త తక్కువ. అంటే అదే అపర్చర్‌తో, అంతే నాయిస్‌తో తీస్తే నీ 30వ వంతు సెకను ఓ 70వ వంతుకి మారుతుంది. దూకే పిల్లకి అది కూడా చాలదు. అదే నీ దగ్గరున్న ఈ పాత బాడీ మీదే ఎఫ్ 1.8 ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) ఒకటి పెట్టి ఎఫ్ 2 దగ్గర తీశావనుకో, ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 2కి మూడు స్టాపులు, ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు, మొత్తం ఎనిమిది రెట్లు. 30వ వంతు కాస్తా 240వ వంతు అవుతుంది, ఐఎస్ఓ అంతే ఉంచి. అక్కడ పాప ఆగుతుంది, గాల్లో జుట్టుతో సహా ఆగుతుంది. ఎఫ్ 1.8 ఉన్న 50ఎంఎం లెన్సులు దాదాపు ఏ కంపెనీ తీసుకున్నా వాళ్ళ చవకైన వాటిల్లోనే ఉంటాయి, నువ్వు చూస్తున్న బాడీ ధరలో చిన్న ముక్క.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఎఫ్ 2 దగ్గర ఫోకస్ పొర సన్నగా ఉంటుంది, కంటి మీద పెడితే చెవి మెత్తబడుతుంది. అందుకని కెమెరా తనంతట తనే పాయింట్ ఎంచుకునే మోడ్ వదిలెయ్యి, ఒకే పాయింట్ పెట్టుకుని దాన్ని కంటి మీదకి తీసుకెళ్ళడం అలవాటు చేసుకో. నీ తొమ్మిది ఫోకస్ తప్పిన ఫోటోల్లో ఏడింటికి కారణం ఆ ఆటో పాయింటే అనిపించింది నాకు, ఏడింట్లోనూ కెమెరా వెనకున్న గీతల కర్టెన్‌నే పట్టుకుంది.

పాల తెర ఫోటోల గురించి చెప్పాలంటే నా సంగతి చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం నాకూ అలాగే తెల్లగా, కాంట్రాస్ట్ లేకుండా వస్తుంటే సెన్సార్ పోయింది అని తేల్చేసుకుని కొత్త బాడీ కొన్నా, లెన్స్ మాత్రం అదే. మొదటి రోజే కిటికీకి ఎదురుగా తీస్తే మళ్ళీ అదే తెర. అప్పుడు లెన్స్ ముందు బిగించిన చవక యూవీ ఫిల్టర్ తీసి చూస్తే దాని మీద వేలిముద్ర, చుట్టూ సన్నటి జిడ్డు. ఫిల్టర్ లేకుండా తీశా, శుభ్రంగా వచ్చింది. ఆ డబ్బు వెనక్కి రాలేదు, ఆ ఏడాది వెళ్దామనుకున్న ప్రయాణం మానుకున్నా. అందుకే నిన్ను బతిమాలుతున్నా, ముందు ఫిల్టర్ తీసి ఒక రోజు తియ్యి. వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) పక్కన చిన్న చక్రం ఉంటుంది, అది కదిలితే అద్దంలోంచి చూసేదంతా మసకగా కనపడి కెమెరాయే పోయిందనిపిస్తుంది, లోపల కనపడే అంకెలు పదునుగా కనపడేదాకా దాన్ని తిప్పు. ఇంకా జేపెగ్‌లోనే తీస్తున్నావు, రా (RAW) ఫైల్‌కి, అంటే సెన్సార్ పట్టింది పట్టినట్టు దాచే ఫైల్‌కి మారు. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే, 14 బిట్ రా ఫైల్లో 16,384, నీడలు సవరించేటప్పుడు ఆ తేడా నీకే తెలుస్తుంది. ఇవన్నీ ఖర్చు లేనివి.

సరే, లెన్స్ అనుకుంటే ఏ లెన్స్? 50 కొనమని అందరూ అంటారు, నేను కూడా అంటున్నా, కానీ క్రాప్ సెన్సార్ మీద 50 అంటే ఫుల్ ఫ్రేమ్‌లో 75 లాగా దగ్గరగా చూపిస్తుంది, చిన్న గదిలో నీ వీపు గోడకి తగిలినా పాప ఫ్రేమ్‌లో పట్టకపోవచ్చు. దీనికి నేను ఎప్పుడూ చెప్పే పరీక్ష ఒకటుంది. నీ 18-55 లెన్స్‌ని 50 దగ్గర పెట్టి జూమ్ రింగ్ తిరగకుండా చిన్న టేప్ అంటించు. వారం రోజులు దాంతోనే తియ్యి. తర్వాత వారం 35 దగ్గర అంటించు. ఏ వారం నీకు ఊపిరాడిందో అదే నీ లెన్స్. పంపినవాటిల్లో ఎక్కువ 55 దగ్గరే ఉన్నాయి కాబట్టి 50 అవుతుందనే నా అంచనా, అయినా టేప్ వేసి చూడనిదే కొనకు.

మెగాపిక్సెల్స్ మాట కూడా ఎత్తావు. నీ 24 మెగాపిక్సెల్ అంటే 6000 బై 4000, అంగుళానికి 300 చుక్కల లెక్కన 20 అంగుళాల వెడల్పు ప్రింట్ వస్తుంది. 4కే టీవీకి కావాల్సింది ఎనిమిది మెగాపిక్సెల్ చిల్లర. 24 నుంచి 45కి వెళ్తే ఏదో రెట్టింపు అయినట్టు ఉంటుంది కానీ వెడల్పులో పెరిగేది సుమారు 37 శాతమే. దాని గురించి ఇంక ఆలోచించకు.

ఇప్పుడు ఆ "సరిగ్గా సరిపోతుంది" దగ్గరికి వద్దాం. బాడీకే డబ్బంతా అయిపోతే దాని మీద పెట్టేది ఏంటి? నీ క్రాప్ లెన్స్ పెడతావు. అప్పుడు ఫుల్ ఫ్రేమ్ బాడీ సెన్సార్ మధ్య భాగం మాత్రమే వాడుకుంటుంది, 24 మెగాపిక్సెల్ కాస్తా పది చిల్లరకి పడిపోతుంది, ఇందాక చెప్పిన ఆ రెండున్నర రెట్ల లాభం కూడా పోతుంది. అంటే డబ్బు పెట్టి వెనక్కి వెళ్ళినట్టే. దానికి తగ్గ లెన్సులు, రెండో బ్యాటరీ, కార్డులు, పెద్ద ఫైళ్ళకి డిస్క్, అవన్నీ కలిపి లెక్క వేసుకున్నాక కూడా చేతిలో కాస్త మిగిలితేనే అది నీకు అందే కెమెరా.

అలాగని బాడీ ఎప్పుడూ మార్చొద్దు అనట్లేదు. ఎగిరే పక్షులు, పరిగెత్తే ఆటలు తీసేవాళ్ళకి కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీల్లో కన్ను పట్టుకుని వెంటాడే ఫోకస్ నిజంగా పెద్ద మార్పు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. వరసగా నొక్కుతుంటే బఫర్ (ఫోటోలు కాసేపు దాచుకునే లోపలి మెమరీ) నిండిపోయి కెమెరా ఆగిపోయి ఆ క్షణం చేజారుతోందా, వీడియో ముఖ్యమైపోయిందా, రిపేర్ ఖర్చు కెమెరా విలువని దాటుతోందా, అప్పుడు మార్చు. నీ నలభై ఫోటోల్లో నాకు అలాంటిది రెండే కనపడ్డాయి, అవీ సందేహమే.

నువ్వు సెకండ్ హ్యాండ్ అన్నావు, నాకు నచ్చింది. నికాన్ ఎఫ్ మౌంట్ (బాడీకి లెన్స్ బిగించే అమరిక) 1959 నుంచి ఉంది, కెనాన్ ఈఎఫ్ 1987 నుంచి, 2018లో ఇద్దరూ మిర్రర్‌లెస్ కోసం జెడ్, ఆర్ఎఫ్ అని కొత్త మౌంట్లు తెచ్చారు, అటు మారినవాళ్ళు పాత లెన్సులు అమ్ముకుంటున్నారు. నీలాంటివాళ్ళకి ఇది మంచి సమయం. కానీ నీది నికాన్ చిన్న బాడీ, అందులో ఫోకస్ మోటార్ ఉండదు, కాబట్టి లెన్స్‌లోనే మోటార్ ఉన్న ఏఎఫ్-ఎస్ రకమే తీసుకో. ఏఎఫ్-డి అని చవగ్గా కనపడతాయి, నీ కెమెరా మీద ఆటోఫోకస్ అవ్వవు, పాప వెనక చేత్తో ఫోకస్ తిప్పుతూ పరిగెత్తలేవు.

చూడ్డానికి వెళ్ళినప్పుడు చిన్న టార్చ్ తీసుకెళ్ళు. లెన్స్ రెండు మూతలూ తీసి, వెనక నుంచి వెలుతురు వేసి ముందు నుంచి కాస్త పక్కగా చూడు. దుమ్ము చుక్కలు నాలుగు ఉంటే పర్లేదు, సాలెగూడు దారాల్లాగా కొమ్మలు వేసినట్టు కనపడితే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దను. అపర్చర్ రేకుల మీద నూనె మెరుపు ఉన్నా వద్దను. నీ కెమెరాకి తగిలించి ఎఫ్ 1.8లో ఏదైనా అక్షరాలున్న కాగితం తీసి, అక్కడే స్క్రీన్ మీద పెద్దది చేసి చూడు. మొహమాటపడకు, అమ్మేవాళ్ళు మంచివాళ్ళైతే నువ్వు చూసేదాకా ఆగుతారు. తెచ్చాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టు, చెమ్మ ఉన్న చోట నెలల తరబడి సంచిలో వదిలేస్తే మంచి లెన్స్‌కీ ఫంగస్ పడుతుంది.

ఒకవేళ లెన్స్ కొనేలోపే ఏదైనా ముఖ్యమైనది తియ్యాల్సొస్తే అద్దెకి తీసుకో. ఆ ఫుల్ ఫ్రేమ్ బాడీని కూడా ఓ రోజు అద్దెకి తెచ్చి, అదే గదిలో అదే లైట్ కింద పాపని దూకించి తీసి చూడు, పక్కపక్కన పెట్టుకో. అప్పుడు నా మాట తప్పనిపిస్తే నిస్సంకోచంగా రాయి, నేను మళ్ళీ ఆలోచిస్తా.

మిగిలిన డబ్బు కదపకు, బాడీ కోసం అని విడిగా ఉంచు. ఈ వారం టేప్ 50 దగ్గర అంటించి, ఫిల్టర్ తీసేసి, రా ఫైల్లో, కిటికీ పక్కన పగటిపూట కొన్ని, రాత్రి లైట్ కింద కొన్ని తియ్యి. పాడైనవి మాత్రం చెరపకు, అవన్నీ నాకు పంపు. మధ్యమధ్యలో లెన్స్ ఎర్రర్ వస్తోంది అన్నావు కదా, లెన్స్ వెనక ఉన్న ఆ బంగారు రంగు చుక్కల్ని పొడి మెత్తటి గుడ్డతో మెల్లిగా తుడువు, మళ్ళీ వచ్చిందో లేదో కూడా రాయి.

ఇట్లు,
బాబాయ్